నల్లబడేదాకా

చంద్రగిరికి దిగువ, స్వర్ణముఖి ఒడ్డున
సంచీనిండా ఒకే పువ్వు కోశాననుకున్నాను.
దొరసానమ్మ ఒళ్ళో కుమ్మరించుకుని
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరింది.

"ఇది గడ్డిచామంతి. పొడుగు మెడ,
రేక చివర మూడు పళ్ళు.
ముదిరినాక ఊదితే ఎగిరిపోతాది, దీనికి ఊరు లేదు.
గుంటగలగరకి తడి కావాల. కాలవ గట్టు దాటదు."

నేను భూతద్దం తీశాను.
దానిదో ఆకు, దీనిదో ఆకు నలిపి
నా రెండు గుప్పిళ్ళలో పెట్టి మూసింది.
"కాసేపాగు. ఆకే చెప్తాది."

రోడ్డు మీద పీలేరు బస్సు పోయింది.
కొంగ ఒకటి వాలి, ఏమీ దొరక్క లేచింది.
తెరిస్తే ఎడమ చెయ్యి ఇంకా పచ్చగానే,
కుడి చెయ్యి కాటుక.

"మరి ఈ పసుప్పచ్చ పూలది?"
వాసన చూసింది. వెలుతురుకి తిప్పి చూసింది.
"తెలీదు పాపా. మా యమ్మ ఉంటే చెప్పుండేది."

రాత్రి హాస్టల్లో అట్టలకి పూలంటించి
పేరు, చోటు, తేదీ రాశాను.
పసుపు పువ్వు పక్కన గడి ఖాళీగా వదిలాను.
పొద్దున చూస్తే అందులో
నా బొటనవేలి నల్ల ముద్ర.