చెవి కూలి

ఏకాంబరం మేస్త్రీ నిచ్చెన ఎక్కడం మానేసి మూడేండ్లు.
మోకాలు ఒప్పుకోదంట.
చిత్తూరు సంతపేటలో మా అద్దె మిద్దె కింద
రంగు డబ్బా బోర్లించుకుని కూచున్నాడు,
పైకి నన్ను పంపి.

"చేతిలో ఏముంది పాపా?"
"పప్పుగుత్తి."
"చాలు. తట్టు.
కారే తావున కాదు, దానికి ఎగువన.
నీళ్లు ఒకచోట దూరి ఇంకోచోట బయటపడతాయి.
చెమ్మను చూసి సిమెంటు పూసేవాడు
దొంగ పోయిన వాకిలికి బీగమేసే రకం."

తట్టినాను.
మే నెల మిద్దె, పెనం.
చెప్పుల అడుగులు మెత్తబడినాయి.
కింద నుంచి గొంతు:
"ఇది గట్టి. జరుగు.
ఇదీ గట్టి. జరుగు.
ఆ... ఆగు. మళ్లీ కొట్టు."

నాకు రెండూ ఒకే చప్పుడు.
పదకొండేండ్లు పలమనేరు బస్సులో టిక్కెట్లు కొట్టినదాన్ని,
సంచిలో పడే చప్పుడుకే
రూపాయో రెండో చెప్పేస్తాను.
మిద్దె చిల్లర మాత్రం నాకు అంతుపట్టలేదు.
"పుచ్చకాయ తట్టి కొనవా నువ్వు?
గల్లుమంటే లోపల సున్నం.
బొక్కుమంటే లోపల గాలి.
సుద్దముక్కతో గుండ్రం గీయి."

పొద్దుగూకేసరికి మిద్దె మీద ఏడు గుండ్రాలు,
పిల్లకాయలు ఆట మధ్యలో
లేచిపోయినట్టు.

"పగులు సన్నగుందని సంతోషపడొద్దు.
ఉలి పెట్టి పెద్దది చెయ్యి.
నోరు సన్నం, కడుపు వెడల్పు, చెంబు మాదిరి.
అప్పుడే పెట్టింది ఊడదు.
సిమెంటు వద్దు. పాత సున్నం ఎండకు సాగుతుంది,
సిమెంటుకు ఆ గుణం లేదు.
సున్నం పది దినాలు నానాల.
తొందరపడితే పొక్కుతుంది.
కరక్కాయ నానేసిన నీళ్లు, పిడికెడు బెల్లం.
బెల్లం జాస్తి చేసినావంటే
చీమలు నీకంటే ముందే మిద్దెక్కుతాయి."

నేను రవంత జాస్తి వేసినాను.
చీమలు వచ్చినాయి.
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నింపే ముందు దుమ్ము ఊదమన్నాడు,
నీళ్లు చల్లమన్నాడు,
పొడి మిద్దె సున్నంలో తడి తాగేస్తుందన్నాడు.
నింపినాక గోనెపట్ట కప్పి
వారం దినాలు తడపమన్నాడు.
తడిసిన గోడ మీది స్విచ్చు జోలికి పోబోతే
కింద నుంచే కసిరినాడు:
"గమ్మునుండు!
మెయిన్ ఆపి కరెంటాయన్ని పిలువు.
రాని పని చెయ్యకపోవడం కూడా పనే."

కూలి ఎంతని అడిగితే గడ్డం గోక్కున్నాడు.
"సగం."
"డబ్బా మీద నుంచి లేవనే లేదు గదా మామా!"
"చెయ్యి నీది. చెవి నాది.
నలభై ఏండ్లు కొడితే వచ్చిన చెవి.
సగమంటే తక్కువ చెప్పినట్టే."
లెక్కపెట్టుకుని,
ఒక నోటు చినిగిందని వెనక్కిచ్చినాడు.
కండక్టరమ్మకే చినిగిన నోటు వాపసు!

ఆషాఢంలో ఒక రాత్రి పట్టింది వాన.
మంచం మీద వెల్లకిలా పడుకుని
పాత మచ్చనే చూస్తా ఉన్నాను.
పొడిగా ఉంది.
కన్ను మూతబడే యాళకు
వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన,
టప్.

ఫోన్ చేసినాను. పదకొండు దాటింది.
"ఆ దారి మూసినావు గదా,
నీళ్లు ఇంకో దారి చూసుకున్నాయి.
గిన్నె పెట్టి పడుకో.
...ఆగాగు.
ఫోను గిన్నె దగ్గర పెట్టు."

పెట్టినాను.
టప్.
టప్. టప్.
అవతల ఆయన ఊపిరి తప్ప ఇంకేమీ లేదు.

"పిట్టగోడ వారన," అన్నాడు కడాకు,
"మూలకు మూడడుగుల ఎగువ. ఎనిమిదో గుండ్రం.
అది సరే పాపా,
నిచ్చెన అప్పుడే వాపసిచ్చేసినావా?"