బండి స్టార్టవని రాత్రి

నేను హోంగార్డుని. స్టీరింగు నాది,
సైరన్ మీట నాది కాదు.
పదకొండేళ్లుగా రాజమండ్రి రాత్రిని
సెకండ్ గేర్లో నడుపుతున్నాను.

పక్క సీట్లో హెడ్డుగారు, వాసంశెట్టి నూకరాజు.
మాటకి ముందొక ఆయ్, మాట తర్వాతొక ఆయ్.
వెనక సత్యవేణి,
ఒళ్లో లాఠీ, లాఠీ మీద టిఫిన్ క్యారేజీ.

దేవీచౌక్‌లో బంగారం కొట్టు షట్టరుకి
గస్తీ పుస్తకం వేలాడుతుంటుంది.
పెన్నుకి కట్టిన దారం ఎప్పుడూ జానెడు తక్కువే.
వంగి సంతకం పెడతారు హెడ్డుగారు.
చెక్కుబుక్కు లేని మనుషుల్లో
ఇన్ని సంతకాలు పెట్టింది ఆయనే అయ్యుంటారు.

కోటిపల్లి బస్టాండులో
ఆఖరి బస్సు తప్పిన నర్సమ్మాయి.
సత్యవేణి బెంచీ మీద పక్కన కూర్చుంది,
పప్పులో మామిడికాయా చింతకాయా అని వాదిస్తూ,
ఆ పిల్ల బాబాయి స్కూటరొచ్చే దాకా.

ఇడ్లీబండి వీర్రాజు
మమ్మల్ని చూడగానే స్టవ్వు మంట తగ్గిస్తాడు.
ఒకప్పుడు ఇదే బండి, వేరే హెడ్డు,
వాడి గిన్నె తన్నాడు.
పిండి రోడ్డు మీద తెల్లగా పారింది.
స్టీరింగు అప్పుడూ నాదే.
నేను దిగలేదు.
మరక వానకి పోయింది గాని
అక్కడికొచ్చేసరికి నా కాలు
దానంతటదే క్లచ్చు మీద పడుతుంది.
ఇప్పుడు తింటే డబ్బులిస్తాం. పుచ్చుకుంటాడు.
మా ఎదుట లెక్కపెట్టుకోడు.

శ్రావణం. ధవళేశ్వరం దగ్గర
మొదటి హెచ్చరిక ఇచ్చిన రాత్రి.
రేవుల్లో పడుకున్నవాళ్లని లేపాం.
పేర్లు తెలీవు, దుప్పట్లే పేర్లు:
నీలం దుప్పటీ, లెగు.
గోనెసంచీ, నువ్వూ లెగు, నీరొచ్చేస్తంది.

రెండుంబావు. రోడ్డు కం రైలు వంతెన.
కింద గూడ్సు పోతోంది, ఇనుము పళ్లు కొరుకుతోంది.
రెయిలింగు వారన బైకు, తాళం దానికే.
పక్కన చెప్పుల జత,
గుడి బయట విడిచినంత పద్ధతిగా.

ఇరవయ్యారేళ్లుంటాయి. ఉండి దగ్గర రొయ్యల చెరువు లీజట,
అది తర్వాత తెలిసింది.
అప్పుడు తెలిసిందల్లా
రెయిలింగు అవతల ఒక కాలు.

హెడ్డుగారు అరవలేదు. విజిల్ వెయ్యలేదు.
నా తొడ మీద చెయ్యేసి, ఇంజనాపు, అన్నారు.
దిగి, ప్యాంటు పైకి లాక్కుంటూ,
పక్కింటాయన్ని పిలిచినట్టు:
"ఆయ్, తమ్ముడూ! దిక్కుమాలిన బండి,
స్టార్టవటం లేదు. నాకా మోకాళ్లు లేవు,
ఈ అమ్మాయికా ఆపరేషనయ్యింది.
ఓ చెయ్యి వేద్దూ!"

సత్యవేణికి ఏ ఆపరేషనూ కాలేదు.

గూడ్సు దాటిపోయింది. గోదారొక్కటే మోగుతోంది.
అతను మమ్మల్ని కాదు, బండిని చూశాడు.
చెరువు గట్టున మోటారు మొరాయిస్తే
అర్ధరాత్రి లేచే అలవాటేమో,
కాలు ఇవతలికొచ్చింది.

నెట్టాడు. వట్టి కాళ్లతో.
అద్దంలో అతని మొహం: ముందు ఏమీ లేదు,
తర్వాత చెమట, తర్వాత కోపం.
"న్యూట్రల్లో పెట్టారా అసలు?"
పెట్టాను. బ్రేకు మీద కూడా
పాదం కాస్త ఆనించే ఉంచాను.
ఇంకో దీపస్తంభం. ఇంకోటి.
వెనకే సత్యవేణి, ఒక చేత చెప్పులు,
ఒక చేత బైకు తాళం.

చాలనిపించాక ఇంజను పలికింది.
రొప్పుతూ నవ్వబోయి
రోడ్డు మీద కూలబడ్డాడు.
హెడ్డుగారు పక్కనే గొంతుక్కూర్చున్నారు, మాట్లాడకుండా.
క్యారేజీ తెరుచుకుంది.
చల్లారిన అన్నం, గోంగూర.
పేరు చెప్పాడు. ఇక్కడ రాయను.

అన్నగారొచ్చి తీసుకెళ్లాక
తెల్లారి జీడీలో హెడ్డుగారి దస్తూరీ:
రాత్రి గస్తీ. విశేషాలు లేవు.
వాహనం మొరాయించినది. మరమ్మతుకు పంపవలెను.

మెకానిక్కు రెండ్రోజులు వెతికాడు.
ఏ లోపమూ దొరక్క
ఫిల్టరు మార్చి మూడొందల నలభై బిల్లు వేశాడు.
హెడ్డుగారు జేబులోంచి తీసిచ్చారు,
బేరమాడకుండా.