దొంగదారి

చర్లపల్లి ఫేజ్ టూలో, ఫౌండ్రీ వెనక రేకుల షెడ్డు.
పన్నెండు అడుగుల ఎత్తునుంచి
ఆరువందల కిలోల ఇనప దిమ్మెను
పొద్దున్నుంచి పదకొండోసారి వదిలాం.

స్ప్రింగయితే సులువే.
తీసుకున్న దెబ్బని దాచుకోదు, తిరిగి కొట్టేస్తుంది.
క్రేన్ చివరి స్టాపుకి గుద్దుకుని వెనక్కి తుళ్ళినప్పుడల్లా
పైన క్యాబిన్‌లో లచ్చుమయ్య దవడ అదిరేది.
పంతొమ్మిదేళ్ళ నైట్ షిఫ్టులు. మెడకి పట్టీ.
డ్యూటీ దిగి పోతూ మా గేటు దగ్గర ఆగి అడిగాడు:
"మీరు జేసేది గోడ కోసమా మేడం, నా కోసమా?"

స్పెసిఫికేషన్‌లో గర్డరు ఉంది, బోల్టులున్నాయి,
పట్టాలున్నాయి.
మెడ లేదు.

సిలిండర్ గోడకి ఏడు కన్నాలు,
మొదట ఎడంగా, చివర ఇరుగ్గా.
పిస్టన్ దిగుతూ ఒక్కొక్కటే మూసేస్తుంటే
నూనె, మిగిలిన వాటిలోంచి
ఆదివారం మోండా మార్కెట్ సందులో జనంలా
ఒరుసుకుంటూ పోవాలి.
కాగితం మీద అలాగే పోయింది.
ఇక్కడ మాత్రం గ్రాఫు చివర్లో
మౌలాలి గుట్టలా లేచి నిలబడుతోంది.
నాకు కావలసింది చపాతీ పీట.

మూడు రాత్రులు కన్నాలు మార్చి గీశాను.
అర మిల్లీమీటరు, పావు మిల్లీమీటరు.
బయట నలభై మూడు డిగ్రీలు,
లోపల ఎంతో ఎవరూ చూడలేదు.

చాంద్ పాషా కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి
సిలిండర్ నోట్లో చెయ్యి పెట్టాడు.
చిటికెన వేలి గోరుతో మెల్లగా రాసుకుంటూ పోయి
ఒకచోట ఆగాడు.
"మీ లెక్క సరిగ్గనే ఉందమ్మా.
తేల్ మీ దారిల పోతలేదు. ఎండకి పల్చనై
పిస్టన్ పక్కనుంచి, దొంగదారిల పోతున్నది."

వెంట్రుకంత గీత. నా కంటికి ఆనలేదు.
గోరు పెట్టి చూశాను, తెలిసింది.

హోనింగు, కొత్త సీలు, ఒక రోజు.
పన్నెండోసారి.
దిమ్మె పడింది. పడ్డట్టు లేదు.
బరువైన మనిషి కుర్చీలో కూలబడి
ఊపిరి వదిలినట్టు ఒక చిన్న హుఁ.
గ్రాఫు పీటలా పరుచుకుంది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు,
పాషా మాత్రం తన చాయ్ గ్లాసు తెచ్చి
సిలిండర్ మీద పెట్టాడు. వెచ్చగా ఉంది.
దెబ్బ ఎక్కడికి పోయిందని
ఇంటర్వ్యూల్లో పిల్లల్ని అడుగుతుంటాను,
ఈసారి అరచెయ్యి ఆనించి చూశాను.

రాత్రి రెండింటికి ఫోను.
"తగిలిందో లేదో సమజయితలేదు మేడం.
కిందికి దిగి, చూసి, మల్ల ఎక్కిన."
నడుము ఎలా ఉందని అడగబోయి
మెడ అని సర్దుకున్నాను.
"గదింకా గట్లనే ఉంది" అన్నాడు.

డ్రాయింగ్ రివిజన్ సి, నోట్స్, ఆరో నంబరు:
వేసవి నూనె వేరు, చలికాలపు నూనె వేరు.
ఏడో నంబరు దగ్గర పెన్సిలుతో ఒక మాట రాసి
చెకింగుకి పంపేముందు చెరిపేశాను.
కాగితం మీద కొంచెం నొక్కు మిగిలింది.
గోరు పెట్టి చూస్తే తెలుస్తుంది.