కూత మానేసిన ఫ్యాక్టరీ

మా ఊళ్లో పొద్దు సూర్యుణ్ణి బట్టి కాదు,
చేపను బట్టి పొడిచేది.
రాత్రి రెండైనా సరే
పడవలు రేవు తాకితే ఫ్యాక్టరీ కూసేది.
ఏ ఫ్యాక్టరీకి ఆ కూత.
మాది కాస్త బొంగురు,
చివర్న తెగిపోయే దగ్గులా.
అది విని ఆడవాళ్లు
పాలు తాగే పిల్లల నోళ్లు విడిపించుకుని
తలగుడ్డ దారిలో ముడేసుకుంటూ పరిగెత్తేవాళ్లు.
ఆ తాడు లాగిన చెయ్యి నాదే.
ఇరవై రెండేళ్లు.
ఎవరెప్పుడొచ్చారో రాసుకున్న పుస్తకమూ నాదే.
ఎవరికేమైందో రాసే గడి
అందులో లేదు.

తండ్రి పోయాక బెనెదీత వచ్చింది.
మొదటి వారం ఆఫీసు గది తలుపే తియ్యలేదు.
రబ్బరు బూట్లు తొడుక్కుని
జుల్మీర పక్కన నిలబడి సార్డీన్ల తలలు తీసింది.
చాలా చెడ్డగా తీసింది.
నాలుగోనాటి సాయంత్రం, నడుం పట్టుకుని, నన్నడిగింది:
"వీళ్లు కూర్చుంటే
చేప ఈదుకుంటూ పారిపోతుందా, ఎవరిస్తూ?"
నేను నవ్వలేదు.
సోమవారానికి ముప్ఫై నాలుగు ఎత్తు పీటలొచ్చాయి.
గ్రసియేత్ తన పీటను మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు,
ఎవరో తిరిగి అడుగుతారన్నట్టు.

తర్వాత కూత ఆగింది.
పడవ ఎప్పుడొచ్చినా పని ఏడింటికే.
చేప మంచులో పడుకుంటుంది,
మనిషి మంచంలో.
ఆ నెలంతా నాకే నిద్ర లేదు.
రెండింటికి లేచి
లేని తాడు కోసం చెయ్యి చాచేవాణ్ణి.

ఆపైన ఆ నల్లబల్ల,
ఉప్పు బస్తాల పక్క గోడకి.
పైన "నేర్చుకోవాలనుంది" అని ఒక్క మాట,
కిందంతా ఖాళీ.
పదకొండు రోజులు ఖాళీగానే ఉంది.
లోలోపల లెక్కపెట్టుకుని సంతోషించాను.
పన్నెండోనాడు, వణికిన అక్షరాల్లో:
"బాయిలర్ ఎందుకు గొంతు మారుస్తుంది?"

లుడొవీన.
పంతొమ్మిదేళ్లు దానికి వీపు పెట్టి
డబ్బాల్లో చేపలు పేర్చిన మనిషి.
ఆవిరి పెరిగితే ఒక గొంతు,
వాల్వు బిగుసుకుంటే ఇంకొకటి.
మెకానిక్కు కన్నా ముందు
ఆమె వీపుకి తెలిసేదట.
పంతొమ్మిదేళ్లలో నేనామెను అడిగింది ఒకటే:
ఇవాళ ఎన్ని డబ్బాలు?

వారానికి రెండు పూటలు, జీతం కొయ్యకుండా,
పోర్తో నుంచి వచ్చే మెకానిక్కు పక్కన నిలబడింది.
ఒకసారి ఆమె చేతిలో బ్యాచంతా ఉడికి చెడింది.
బెనెదీత అందర్నీ పిలిచి
ఏం జరిగిందో లుడొవీన చేతే చెప్పించింది.
శిక్ష అనుకున్నాను.
చెప్పడం అయ్యేసరికి
బాయిలర్ సంగతి మా అందరికీ
కొంచెం కొంచెం తెలిసింది.

మూడో ఏట పరీక్ష గెలిచి
సెతూబల్‌కి, ఓడ ఇంజన్ల పనికి, వెళ్లిపోయింది.
నేను మండిపడ్డాను:
"మన నూనె పోసి వెలిగించి
పక్కింట్లో పెట్టొచ్చామా దీపాన్ని?"
బస్సు మలుపు తిరిగేదాకా
బెనెదీత కిటికీ వదల్లేదు.
"నాకూ కోపంగానే ఉంది, ఎవరిస్తూ.
రేపటికి తగ్గుతుంది."

ఆ రాత్రి అందరూ వెళ్లాక
నల్లబల్ల ముందు నిలబడ్డాను.
సంతకం కాదు, ఉత్తరం రాయడం: జుల్మీర.
పద్దులు: గ్రసియేత్.
కాదు అని చెప్పడం: పేరు లేదు.
నాకు యాభై ఎనిమిది.
పుట్టింది సముద్రం పక్కన,
తిన్నది దాని ఉప్పు,
మా అన్నను మింగిందీ అదే.
మోకాళ్లు దాటి ఏనాడూ దిగలేదు.
అటూ ఇటూ చూసి
సుద్దముక్క తీసుకుని రాశాను:
"ఈత."
నేనూ పేరు పెట్టలేదు.

పొద్దున్నే దాని కింద ఎవరిదో చేతిరాత:
"ఆదివారం, అల తగ్గే వేళ.
తువ్వాలు మర్చిపోకు, ఎవరిస్తూ."