కింద సంతకం

ఈ ఏడు ఇప్పటికి నలభై ఒక్క ఆద్యలు.
సహస్రల లెక్క నా వల్ల కాలేదు.
ఇంగ్లీషులో ఇంకో 'ఏ' తగిలించమంటాడు ఒక తండ్రి,
న్యూమరాలజీ ఆయన చెప్పాడట,
ఆ ఒక్క అక్షరంతో పిల్ల కలెక్టరవుతుందట.
తగిలిస్తాను. నాదేం పోయింది,
గళ్ళో పట్టాలి, అంతే.

గుంటూరు కార్పొరేషన్, జనన మరణాల సెక్షన్,
ముప్పై ఒక్క ఏళ్ళు.
నేను చేరిన కొత్తలో అందరూ మౌనికలు.
సంగడిగుంటలో ఒక్క నెలలో పదకొండు మంది,
ఒక్కతీ నోరు మూసిన పాపాన పోలేదు.
తర్వాత హారికలు. తర్వాత లాస్యలు.
పేర్లూ మిర్చి రేట్లలాంటివే,
ఓ పొద్దున యార్డులో లేస్తాయి,
ఎవరు లేపారో తెలీదు.
తేజ రకం ధర పెరిగిన ఏడు
తేజస్వినులూ పెరిగారు.
కారణం నేను చెప్పను,
రిజిస్టరు చూపిస్తాను.

నా పేరు మాత్రం పై గడిలో రాసి
పందొమ్మిదేళ్ళు దాటింది.
కింద రాస్తాను, రోజూ,
ప్రతి ఆద్య కిందా, ప్రతి సహస్ర కిందా,
రబ్బరు స్టాంపు ఆరకముందే:
మస్తానమ్మ.

నాకు ముందు ఇద్దరు దక్కలేదు మా అమ్మకి.
నాన్న నల్లచెరువు దగ్గర సైకిలు దిగి
చెప్పులు హ్యాండిలుకి తగిలించి
దర్గా దాకా నడిచాడు.
నెమలీకల కట్ట ఒకసారి తలమీద,
చిటికెడు చక్కెర, మెడకో దారం,
'నిలిస్తే నీ పేరే' అని ఓ మాట.
నిలిచాను.

మస్త్ అంటే పారసీలో మత్తట.
దేవుడి ధ్యాసలో ఒళ్ళు తెలియనివాడు మస్తానట.
మా వీధి ఉర్దూ మేష్టారు ఖాదర్ బాషా చెప్పాడు,
చెప్పి, నావైపు అనుమానంగా చూశాడు,
లెక్కల్లో నా మార్కులు తెలిసినవాడు.
ఆ మత్తుకి మావాళ్ళు 'అమ్మ' కుట్టారు
పరికిణీకి అంచు కుట్టినట్టు.

బడిలో అయిదుగురం.
నల్ల మస్తానమ్మ, గాజుల మస్తానమ్మ,
ఆదివారం చర్చికెళ్ళే మస్తానమ్మ,
అయిదు మళ్ళీ చదువుతున్న షేక్ మస్తానమ్మ,
నేను.
టీచరు ఒక్కసారి పిలిస్తే
బెంచీ బెంచీ లేచేది.
ఇంటిపేర్లు తీసేస్తే
ఎవరింట్లో ఏ దీపమో
హాజరుపట్టీకి తెలిసేది కాదు.

మొన్న మంగళవారం,
మిరప ఘాటుకి ఆఫీసంతా తుమ్ముతున్న పూట,
లాలాపేట నుంచి ఒక జంట, వెంట ముసలామె.
పిల్లకి తొమ్మిది నెలలు. పేరు గడి ఇంకా ఖాళీ.
"దివిజ" అన్నాడు తండ్రి.
"మొక్కు" అంది ముసలామె.
"బళ్ళో నవ్వుతారత్తయ్యా, మస్తానమ్మేంటి" అంది తల్లి,
అని, నా బల్లమీద పేరు పలక చూసి
నాలిక కరుచుకుంది.

నిజమే, నవ్వారు.
బ్రాడీపేటలో ఇంటరు చదివిన రెండేళ్ళూ
నేను ఎం. రాణిని.

ఫారంలో ఉండేది ఒకటే గడి,
పిలుపు పేరుకి ప్రభుత్వం చోటివ్వలేదు.
దివిజ అని రాశాను,
దీర్ఘం లేదు కదా అని రెండుసార్లడిగి.
కింద సంతకం చేశాను.

ముసలామెకి చదువు రాదు.
కాగితం వెలుతురుకి పట్టుకుని
"ఇందులో దాని పేరేదమ్మా?" అంది.
నా వేలు పైకి వెళ్ళాలి.
వెళ్ళలేదు.
"ఇదిగో, ఇది" అన్నాను,
తడారని సిరా అంటకుండా.

ఆమె ఆ అయిదక్షరాలూ కళ్ళకద్దుకుంది.
కొడుకు చూశాడు, ఏమీ అనలేదు.
గడప దాటుతూ పిల్లని ఎత్తుకుని
"పదవే మస్తానూ, బస్సు పోద్ది" అంది.

"ఆఁ" అన్నాను నేను,
తలెత్తకుండానే,
తర్వాతి ఫారం అందుకుంటూ.