భుజాల కొలత

జాంబాగ్ సందుల సర్వర్ మియా దుకాణం.
దూలానికి మటన్ కొట్టు కొక్కేల్లెక్క
వేలాడుతున్నయి
పాత రేసు సైకిళ్ల వంపు హ్యాండిళ్లు.

నా పచ్చ సైకిల్ బయట గోడకు ఒరిగి ఉన్నది,
చేతులు ఇప్పేసిన మనిషిలెక్క.
యూనివర్సిటీ ట్రాక్ మీద
ఇరవై ఏండ్ల నన్ను మోసిన ఇనుము.
అప్పటి హ్యాండిల్ మస్తు లోతు.
గంత కిందికి ఇప్పుడు వంగితే
మెడల అయిదో పూస
బడిగంట కొడ్తది.

"ఎంత వెడల్పు గావాలె?"
కాగితం మీద రాసుకున్న లెక్కలు తీస్తుంటే
చెయ్యి అడ్డం పెట్టిండు మియా.
రెండు బకెట్లు నింపి ఇచ్చిండు.
"ఆ కరెంటు స్తంభం దాకా పొయ్యి రా, బేటీ."
పోయిన. వచ్చిన.
నల్లా కాడ నుంచి మూడో అంతస్తుకు
నీళ్లు మోసి మోసి నేర్చిన చేతులు
వాటి జాగల అవి నిలబడ్డయి.
టేపు పెట్టి చూసిండు: నలభై సెంటీమీటర్లు.
కాగితం మీద ముప్ఫై ఎనిమిదున్నది.
మడిచి జేబుల పెట్టుకున్న.

మొదటిది తళతళ మెరిసింది.
బ్రేకు అందుకునేసరికి
నా వీపు దండెం మీది తడిచీరయ్యింది.
రెండోది మళ్ల అదే లోతు, అదే పూస.
మూడోదాని మీద కంపెనీ పేరు చెరిగిపోయింది,
ఎవరి అరచేతులు చెరిపినయో.
వంపు జానెడు గూడ లేదు.
"ఆంఖే బంద్."
మూసుకున్న.
పెరుగన్నంలకు వేళ్లు దిగినట్టు
దిగినయి చేతులు.

బిగిస్తే వదులు. వెంట్రుక మందం.
కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి
రేకు చుట్టి బిగించిండు.
"సగం శహర్ గిట్లనే నడుస్తది" అని నవ్విండు.

పాతది దూలానికెక్కింది.
ఇరవై ఏండ్ల పిల్ల ఎవరో వస్తదట దానికోసం.
వస్తదో, రాదో.

కాచిగూడ కాడ సిగ్నల్.
ఇరవై ఏండ్లప్పుడు ఈ తొవ్వ మొత్తం
నాకు ముందు చక్రమే.
ఇయ్యాల తల లేచే ఉన్నది.
స్టేషన్ గుమ్మటాలు,
ఒకదాని మీద ఎండేసిన ఎర్ర తువ్వాల.
స్కూటర్ మీది పోరడు అడిగిండు:
"ఆంటీ, గేర్లున్నయా?"
"అయిదు. రెండు పనిజేస్తయి."

టేపు ఇంకా చుట్టలేదు.
ఏప్రిల్ ఎండకు అల్యూమినియం సుర్రుమంటున్నది.
చున్నీ కొస ఒకటి ఇటు, ఒకటి అటు చుట్టి
బర్కత్‌పురా దిక్కు తొక్కిన.