నీటికాసులు

సొహార్‌లో మధ్యాహ్నం రెండింటికి
షట్టరు సగం దించుతాం.
ఆ సగం కిందినుంచి వంగి లోపలికొచ్చాడు
దుబ్బరాజం, మల్యాల దగ్గరి మనిషి.
స్మెల్టరు దుమ్ము ఇంకా కనుబొమ్మల మీదే ఉంది.

"జర అద్దాలియ్యుండ్రి డాక్టరమ్మా,
ఫోన్ల అచ్చరాలు అలుక్కపోతున్నయ్."

డాక్టర్ని కాదు, అన్నాను.
రోజుకి పదిసార్లు అనే మాట.
మొదట్లో సిగ్గుపడుతూ అనేదాన్ని,
తర్వాత కోపంగా,
ఇప్పుడు "కూర్చోండి" అన్నంత మామూలుగా.

నాలుగేళ్లు చదివాను.
చివరి ఏడాదంతా కర్నూలు కంటాసుపత్రి చీకటిగదిలో
చదువురాని ముసలమ్మల్ని
మూడుకాళ్ల బొమ్మ ఎటు తిరిగిందని అడుగుతూ.
పక్కనే ఆపరేషన్ గది.
దాని తలుపుకి గుండ్రటి గాజు ఉండేది.
నా చదువు ఆ గాజు దాకా.
అవతలివాళ్లు ముందు ఒళ్లంతా చదవాలి,
శవం, గుండె, పురుడు, జ్వరం,
ఆ తర్వాత మళ్లీ ఏళ్లకేళ్లు ఒక్క కన్ను.
నేను తిన్నగా కంట్లోకే వెళ్లాను.
వాళ్లు మనిషంతా తిరిగి కంటికొచ్చారు.

ఇక్కడ నా లైసెన్సు గోడకి వేలాడుతుంది.
చూడొచ్చు. కొలవొచ్చు. అద్దం రాయొచ్చు.
చుక్కమందు రాయకూడదు.
అనుమానించొచ్చు,
జబ్బుకి పేరు పెట్టకూడదు.

చత్వారమే. ప్లస్ ఒకటిన్నర.
అద్దం పెట్టగానే నవ్వాడు,
ఫోన్లో చిట్టీపాట లెక్క గడగడా చదివాడు.
అక్కడితో బిల్లు కొట్టాలి.
ఫ్రేములు తుడుస్తూ కాసర్‌గోడ్ మేనేజరు
గడియారం చూస్తున్నాడు.

లేస్తూ ఒక మాటన్నాడు దుబ్బరాజం:
"మొన్న పక్కకెల్లి ఫోర్కులిఫ్టు అచ్చింది,
నాకు కనవడనే లేదు.
నిద్ర తక్కువైంది గావచ్చు."

మళ్లీ కూర్చోబెట్టాను.
గాలి ఊదే యంత్రం మీద గడ్డం ఆనించమన్నాను.
కుడి ముప్పై నాలుగు. ఎడమ ముప్పై ఒకటి.
మూడుసార్లు ఊదినా అంతే.
దీపం వేసి లోపలికి చూస్తే
నరం మొదట్లో గుంట,
అంచు మాత్రం వదిలి
మధ్యంతా తోడేసిన గిన్నెడు పెరుగులా.

మనవాళ్లు దాన్ని నీటికాసులంటారు.
కాసుల కోసం సముద్రం దాటినవాడి కంట్లో
నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా
పక్కల నుంచి ఖర్చవుతున్న చూపు.
పేరు నాలుక దాకా వచ్చింది.
మింగాను.
"ఒత్తిడి ఎక్కువ. నరం అనుమానంగా ఉంది.
దయచేసి త్వరగా చూడగలరు" అని రాశాను.
త్వరగా దగ్గర పెన్ను కాగితాన్ని చింపింది.

"గదంతెందుకమ్మా? అద్దాలియ్యి, పోత.
దవాఖానకు పోతే కంపెనీకి ఎరుకైతది."

అద్దాలు ఇవ్వనన్నాను,
ముందు అక్కడికి వెళ్లొస్తేనే.
అది నా పరిధిలో ఉందో లేదో తెలీదు.
మేనేజరు నా వైపు చూశాడు.
చూడనీ.

డాక్టర్ ఇహ్సాన్ సూడాన్ మనిషి.
రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసింది.
"తెలిసే రాశావు కదా, పేరెందుకు రాయలేదు?"
రాయకూడదు కదా మేడం.
"అవును, రాయకూడదు."
కాసేపు ఏమీ అనలేదు.
"నీ గాలి యంత్రాన్ని నేను నమ్మను.
నేనే కొలిచాను. ముప్పై మూడు."
అది పొగడ్తని అర్థం కావడానికి
నాకు తెల్లవారింది.

ఇప్పుడు దుబ్బరాజం ముక్కు మీద కొత్త అద్దాలు,
జేబులో చుక్కల సీసా.
వేసుకుంటే సగం చెంప మీదే పడుతోందట.
గురువారం తన గది నేపాలీని, థాపాని,
వెంట తెచ్చుకున్నాడు.

మందు రాసే చేయి కాదిది.
కింది రెప్ప ఎలా లాగాలో,
ముక్కు పక్క మూలని ఎంతసేపు నొక్కి పట్టాలో
థాపాకి చూపించే చేయి అవునో కాదో
గోడ మీది కాగితంలో వెతికాను.
రెండు భాషల్లోనూ ఏమీ లేదు.

షట్టరు సగం దించే ఉంది.
"పైకి చూడండి" అన్నాను.